చివరి మాట నుంచి మొదటి మాటకి

జూన్ 3

జిగురూ,

నీ ఉత్తరం అందింది. విప్పగానే ఏ ఒకటో తరగతి పిల్లవాడి కాపీ పుస్తకమో దారి తప్పి నా గుమ్మంలో పడిందనుకున్నాను. ఒక్కో అక్షరం గుమ్మడికాయంత! పేజీకి ఏడు వరుసలు! కాగితం అంత చవకైపోయిందా, లేక అక్కకి కళ్ళు ఆనడం లేదని నువ్వే తీర్మానించేశావా? నాకు సూదిబెజ్జం కూడా కనిపిస్తుంది. ఇరవై మూడు తప్పులు ఎర్ర సిరాతో దిద్ది, నీ ఉత్తరాన్ని ఎప్పటిలాగే నీకే తిప్పి పంపుతున్నాను.

మూడు మాటలకి అర్థాలు అడిగావు. నలభై ఏళ్ళుగా తీర్పుల సంపుటాలు కుట్టి, జిగురు పూసి, అట్టలు వేసి, వీపు మీద బంగారు అక్షరాలు అద్దుతున్నావు. ఒక్క సంపుటమైనా మధ్యకి తెరిచావా? తెరవలేదు. అర్థాలన్నీ నీ చేతుల మీదుగానే పోయాయి, ఒక్కటీ అంటుకోలేదు. నిన్ను జిగురని పిలుస్తున్నందుకు నాకే సిగ్గుగా ఉంది.

సరే, రాసుకో. జీవితకాల హక్కు అంటే బతికున్నంతకాలం అనుభవించవచ్చు, అమ్ముకోవడానికి లేదు. నాన్న వీలునామాలో ఇల్లు నీకనీ, మేడ మీది గది అత్తకి ఆమె ఉన్నంతకాలమనీ రాశాడే, అదే. ఇల్లు నీదే అయినా ఆ గదిలోంచి అత్త చెంబు కూడా జరిపే హక్కు నీకు లేదు. అమ్మ పోయాక మనిద్దరినీ పెంచిన మనిషి కాబట్టి నాన్న అలా రాశాడు. ఆయన జన్మలో చేసిన తెలివైన పని అదొక్కటే.

విడుదల అంటే హక్కున్న మనిషి ఇక నాకొద్దని తనంతట తాను రాసివ్వడం. ఎవరి హక్కు వాళ్ళే విడుదల చెయ్యాలి, పక్కవాళ్ళు చెయ్యడానికి కుదరదు. సాక్షి అంటే, రాసిచ్చే మనిషి సంతకం పెడుతుంటే కళ్ళారా చూసి, ఆ చూసినందుకు తన సంతకం పెట్టేవాడు. కాగితంలో ఏముందో అతనికి అక్కర్లేదు. చూడటమే అతని పని. అలా ఇద్దరు చూడకపోతే విడుదల చెల్లదు. దీన్ని నాలుగు సార్లు చదివితే నీ బుర్రలోకి ఒకసారి ఎక్కవచ్చు.

ఎందుకడిగావో నేనడగను. పైకప్పు బాగుచెయ్యడానికి మునిసిపాలిటీ వాళ్ళు అత్త పేర ఏదో కాగితం అడిగి ఉంటారు. ఆ గది కారుతోందని రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఇప్పటికి కదిలావు, సంతోషం.

నేను కోర్టు నకళ్ళ గదిలోంచి రిటైరైనా నకళ్ళు నన్ను వదల్లేదు. ఒక ప్రచురణకర్త న్యాయపదకోశం వేస్తున్నాడు, ప్రూఫులు నావి. ఐదువేల మాటలు. రాసిన ప్రొఫెసరుకి హామీకీ పూచీకీ తేడా తెలియదు, పేరు వెనక మాత్రం రైలుపెట్టెల్లా డిగ్రీలు. ముందుమాటలో నా పేరు కూడా వేస్తామన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇతరుల పేర్లు రాసిన చెయ్యి ఇది. ఒక్కసారి నా పేరు అచ్చులో చూసుకోవాలని ఉంది. నవ్వితే నవ్వుకో.

సరిచూసి సంతకం చేసినది,
అక్క


జూన్ 14

అక్కకి,

నా ఉత్తరం ఎర్రగా ఉడికి తిరిగొచ్చింది. అత్తకి చూపిస్తే, "దానికి సిరా బాగా చవగ్గా దొరుకుతున్నట్టుందిరా" అంది.

అర్థాలు రాసుకున్నాను. నాలుగు సార్లు కాదు, ఆరు సార్లు చదివాను. అందుకే ఈ కాగితం పంపుతున్నాను. చిత్తు రాసింది కామాల మనిషి. మన వీధి చివర రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల పక్కన బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తాడే, ఆయనే. ఆయన వాక్యం మొదలుపెడితే ఊపిరి తీసుకోవడానికి కామాలే తప్ప ఎక్కడా దిగడానికి స్టాపు ఉండదు. ఆ చిత్తుని నేనే కూర్చుని శుభ్రంగా ఎత్తి రాశాను. తప్పులుంటాయి.

సంగతి నీకు అర్థమయ్యే ఉంటుంది. ఎదురుగా మూడంతస్తులు లేచాక కింద కొట్లో పట్టపగలే దీపం పెట్టుకోవాల్సి వస్తోంది. సూదిలో దారం ఎక్కించడానికి అరగంట. మేడ గదికి రెండు కిటికీలు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెలుతురు. అత్తకా, మెట్లు ఎక్కడం చేతకావడం లేదు. పోయినవారం మధ్య మెట్టు మీద కూర్చుండిపోయి, "నేనిక్కడే ఉంటాలే, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తాను" అని హాస్యమాడింది. అన్నీ ఆలోచించే ఈ కాగితం.

అత్తకి ఇంకా చూపించలేదు. ఒక కాగితం ఉందన్నాను. "పెద్దది చూసి సంతకం పెడితే నేనూ పెడతాను" అంది. కాబట్టి నువ్వు చదువు అక్కా. ఇది సబబు కాదని నీకనిపిస్తే ఒక్క మాట రాయి. ఆపేస్తాను. ఎందుకని కూడా అడగను.

ఒక సందేహం. సాక్షి కళ్ళారా చూడాలన్నావు. అత్త ఇక్కడ, నువ్వక్కడ. మరి నీ సంతకం ఎలా?

తమ్ముడు


జూన్ 20

జిగురూ,

నీ ఉత్తరమూ, దానితో కాగితమూ దిద్ది తిప్పి పంపుతున్నాను. కాగితంలో పదకొండు తప్పులు. "స్వబుద్ధితో" అనే మాట రాయడానికి కాస్త బుద్ధి ఉండాలి, నువ్వు ఒత్తు మర్చిపోయావు. "నిరభ్యంతరంగా" అనే మాటని మూడు చోట్ల మూడు రకాలుగా రాశావు, ఏదో ఒకటి తగలకపోతుందా అనుకున్నట్టున్నావు. ఇక మీ కామాల మనిషి! ఒక్క వాక్యంలో పందొమ్మిది కామాలు. పదమూడు తీసేశాను. ఆయనకి మా నకళ్ళ గదిలో బల్లలు తుడిచే పని కూడా ఇచ్చేవాళ్ళం కాదు.

నాకు దొరకని తప్పుండదని గొప్ప కోసం అనడం లేదు. మా గదిలో ఒక పద్ధతి ఉండేది. నకలు సరిచూసేటప్పుడు మొదటి నుంచి చదవకూడదు. చివరి మాట నుంచి మొదలుపెట్టి, ఒక్కో మాటే, వెనక్కి వెనక్కి మొదటి మాటకి రావాలి. ముందు నుంచి చదివితే అర్థం చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది, తప్పులు వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. కొత్తగా చేరిన గుమాస్తాలు కాగితం చదివి, "అయ్యో, పాపం" అనేవాళ్ళు. వాళ్ళని నేను మర్నాడే ఇంకో గదికి మార్పించేదాన్ని. నకలు తీసేవాళ్ళకి పాపం ఎందుకు? నీ ఉత్తరమూ, కాగితమూ రెండూ అలాగే చూశాను. ఇప్పుడు దాన్ని ఏ రిజిస్ట్రారు ముందైనా తలెత్తుకుని పెట్టవచ్చు.

నీ సందేహం చూసి నవ్వొచ్చింది. నియమాలు నీలాంటివాళ్ళ కోసం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా సంతకం ఉన్న నకలుని ఏ జడ్జీ రెండోసారి చూడలేదు. అత్త ఎక్కడ సంతకం పెడుతుందో, ఎలా పెడుతుందో నేను కళ్ళు మూసుకుని కూడా చూడగలను. సాక్షి గడిలో పెట్టేశాను. రెండోది కామాల మనిషి చేత పెట్టించు, అదైనా తప్పు లేకుండా పెడతాడేమో చూద్దాం.

ఉత్తరంలో అక్షరాలు ఈసారి ఇంకా పెద్దవయ్యాయి. ఇలా అయితే వచ్చే ఏడాది గోడ మీద రాసి, గోడని పంపాల్సి ఉంటుంది.

పనివాళ్ళు పైకప్పు మీద ఉన్నన్నాళ్ళు అత్తని దుమ్ములో ఉంచకు.

సరిచూసి సంతకం చేసినది,
అక్క


జూలై 9

అక్కకి,

అయిపోయింది. పోయిన సోమవారం రిజిస్టరయింది.

నువ్వు ఒప్పుకోవని భయపడ్డాను. ఒక్క ముక్క ఎదురు చెప్పకుండా సంతకం పెట్టి పంపావు. నిన్ను రాతిమనిషి అని అనుకున్నందుకు నాలో నేనే చెంపలు వేసుకున్నాను.

అత్త నిన్నటి నుంచి పెద్దవాళ్ళ వసతి గృహంలో ఉంది. ఇక్కడికి రెండు బస్ స్టాపులు. కింది గదే, మెట్ల బాధ లేదు. తలుపు నుంచి మూడో మంచం. పక్క మంచం ఆవిడ రోజంతా రేడియో పెడుతుందట. అత్త రెండు పెట్టెలూ, ఆ ఎత్తుపీటా తీసుకెళ్ళింది. భూతద్దం మాత్రం కిటికీలో వదిలేసింది, మర్చిపోయినట్టుంది. దాని పిడికి ఏదో చీటీ అంటించి ఉంది. రేపు ఇచ్చి వస్తాను.

కాగితం ఇచ్చిన రోజు ఒకటే అడిగింది. "ఇది దాని సంతకమేనా?" అని. నీదే అన్నాను. చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను అడిగింది.

నా కుట్టుబల్ల పైకి చేర్చాను. వెలుతురు బాగుంది.

తమ్ముడు


జూలై 14

ఒరేయ్,

ఏమిటి రాశావు? వసతి గృహమా? ఎవరు? అత్తా? నీ ఉత్తరాన్ని మొదటిసారి ముందు నుంచి చదివాను, నాకే నమ్మకం కుదరక. రెండోసారీ అలాగే చదివాను.

నేను సంతకం పెట్టింది పైకప్పు కాగితం మీద. నువ్వు రిజిస్టరు చేయించింది ఇంకో కాగితం. మార్చేశావు. లేదా నా సంతకం కత్తిరించి అతికించావు. అతకడమే కదా నీకు వచ్చిన విద్య! ఆ కామాల వెధవ నీకు తోడు. నకళ్ళ గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు మోసగాళ్ళ కాగితాలు చూశాను, ఇంట్లోంచి ఒకడు తయారవుతుంటే మాత్రం చూడలేకపోయాను.

మనకి జ్వరాలొస్తే ఇద్దరి మధ్యా ఆ ఎత్తుపీట వేసుకుని తెల్లారేదాకా కూర్చున్న మనిషి. ఇప్పుడు ఆ పీట ఎవరి రేడియో పక్కన ఉందో! రెండు కిటికీల కోసం ఆమెని వీధిలో పెట్టావు. నీకు వెలుతురు కావాలట. ఉన్న వెలుతురులో ఏం చూశావని?

ఆ కాగితం నకలు తక్షణం పంపు. పంపకపోతే రిజిస్ట్రారుకి నేనే రాస్తాను.

సరిచూసి సంతకం చేసినది,
అక్క


జూలై 21

అక్కకి,

నకలు పెట్టాను. నీ పదకొండు దిద్దుబాట్లూ అందులో ఉన్నాయి. నువ్వు తీసేసిన పదమూడు కామాలు లేవు. అదే కాగితం. మొదటి వాక్యంలోనే ఉంది: "నా జీవితకాల హక్కును ఇందుమూలముగా విడుదల చేసి, గదిని ఖాళీ చేయుచున్నాను" అని. "చేయుచున్నాను"లో దీర్ఘం నువ్వే దిద్దావు.

నేనెక్కడా పైకప్పు అని రాయలేదు. నా పాత ఉత్తరాలన్నీ నీ దిద్దుబాట్లతో నా దగ్గరే ఉన్నాయి కదా, నిన్న కూర్చుని చూశాను. సబబు కాకపోతే ఒక్క మాట రాయి అని నేను రాసిన చోట, "సబబు"లో "బ"కి తలకట్టు సరిగ్గా పెట్టలేదని గుండ్రంగా సున్నా చుట్టావు. ఆ మాట నేను నిన్ను అడిగాను అక్కా. అక్షరాన్ని కాదు, నిన్ను.

చిన్నప్పటి నుంచీ నాకేదీ అర్థం కాదని చెప్పావు. నమ్మాను. అందుకే నీకు అర్థమవుతుందని పంపాను.

నా అక్షరాలు ఎందుకు పెద్దవవుతున్నాయో ఇప్పుడు చెబుతాను. రెండు కళ్ళలోనూ నడిమి చూపు పోతోంది. ఎదుటి మనిషి ముఖం చూస్తే చెవులు కనిపిస్తాయి, ముక్కు కనిపించదు. ఉన్నదాన్ని మంచి వెలుతురులో వాడుకోమన్నాడు డాక్టరు. పని ఇచ్చేవాళ్ళకి తెలిస్తే గిరాకీ ఆగిపోతుందని ఎవరికీ చెప్పలేదు. నీకు చెబితే నువ్వేమంటావో తెలుసు.

అత్త సంగతి. పాతికేళ్ళు ఆసుపత్రి మందుల గదిలో పనిచేసిన మనిషి, చీటీ చదవకుండా సీసా ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. ఈ కాగితం చదవకుండా సంతకం పెట్టిందనుకున్నావా? మొదటి నుంచి చివరి దాకా, వేలు పెట్టుకుని, రెండుసార్లు చదివింది. మొన్న వసతి గృహానికి వెళ్ళి, అక్కకి తెలియక పెట్టిందట అని చెప్పాను. నవ్వింది. "దానికి తెలియకపోవడమా! ఒత్తులు దిద్దింది, దీర్ఘాలు దిద్దింది. నన్ను వెళ్ళమన్న మాట ఒక్కటి దిద్దలేదు. ఇద్దరూ ఒక మాట మీద ఉన్నారు, నాకు ఇంకేం కావాలి!" అంది.

తిరిగి రమ్మన్నాను, ఒట్టు. నీ ఉత్తరం రాకముందే రమ్మన్నాను. ఎందుకంటే, ఆ భూతద్దం పిడి మీది చీటీ. ఆమె అక్షరాలు చీమల్లా ఉంటాయి కదా, అది చదవడానికి ఆ భూతద్దమే కావలసొచ్చింది. మందు సీసాకి అంటించినట్టు అంటించి ఇలా రాసింది: "జిగురుకి. రోజూ, పనికి ముందు." నా కళ్ళ సంగతి ఆమెకి ఎప్పుడో తెలుసు. నేనే నోరు తెరిచి అడగాలని ఎదురుచూసిందనుకుంటాను. నేను కాగితం పట్టుకెళ్ళాను.

రానంది. "నోటిమాట మీద వచ్చి మళ్ళీ నోటిమాట మీద వెళ్ళే వయసు కాదురా నాది. కాగితం అలాగే ఉంది" అంది. కామాల మనిషిని అడిగితే, రిజిస్టరయ్యాక, ఇద్దరు సాక్షులు చూసి సంతకం పెట్టాక, ఎవరూ కదపలేరన్నాడు.

చూసి పెట్టావు కదా నువ్వు. కళ్ళు మూసుకుని.

తమ్ముడు


ఆగస్టు 2

జిగురూ,

నీ ఉత్తరం తిప్పి పంపడం లేదు. తప్పులున్నాయి. ఉండనీ.

కాగితాన్ని మొదటి మాట నుంచి చదివాను. మొదటి వాక్యం దాటడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ గుమాస్తా పిల్లలు "అయ్యో, పాపం" అనేవాళ్ళని రాశాను చూడు, ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ గదిలో చదువు వచ్చినవాళ్ళు వాళ్ళే. నేను కాదు. ఎంతమంది ఇళ్ళు, ఎంతమంది పిల్లలు, ఎంతమంది గదులు నా ఎర్ర సిరా కింద నుంచి తప్పుల్లేకుండా వెళ్ళిపోయాయో. అవి గుర్తు చేసుకోబోతే ఒక్కటీ గుర్తు రాలేదు. చదివితే కదా గుర్తుండటానికి. జన్మంతా నిన్ను మొద్దువని తిట్టాను, మొద్దు నీకు ఉత్తరాలు రాస్తూ వచ్చింది.

నీ కళ్ళ విషయంలో నేను రాసినవన్నీ నాకిప్పుడు వరసగా వినిపిస్తున్నాయి. గుమ్మడికాయలూ, గోడలూ. క్షమించమని అడగను, ఆ మాట నా నోట్లో కృత్రిమంగా ఉంటుంది. సిగ్గుగా ఉంది, అంతే.

నీ మీదా నాకు కోపం పోలేదు. ఆ గదికి రెండు కిటికీలున్నాయి. ఒకదాని కింద బల్ల వేసుకోనా అత్తా అని ఒక్క మాట అడిగితే ఆమె తన మంచం తానే జరిపి ఉండేది. నువ్వు అడగడానికి బదులు మూడు చట్టం మాటలకి అర్థాలు తెలుసుకున్నావు. నేను ఎందుకని అడగడానికి బదులు ఆ అర్థాలు చెప్పాను. మనిద్దరికీ ఒకే మనిషి అన్నం కలిపి పెట్టిందంటే ఎవరూ నమ్మరు.

ఇక కామాల మనిషి ఎవరూ కదపలేరన్నాడా? ఆయన మొహం. కదిపేది నేనే. సాక్షి ఎవరో నీకు జూన్‌లో రాశాను, ఆ ఉత్తరం తీసి చూసుకో. చూసి సంతకం పెట్టేవాడు. నేను చూడలేదు. కాబట్టి ఆ కాగితం మీద సాక్షులు ఇద్దరు లేరు, ఒక్కడే ఉన్నాడు. విడుదల చెల్లదు. ఆ సంగతి రిజిస్ట్రారు ముందు ప్రమాణం చేసి చెప్పాల్సింది నేను. ఇలా రాశాను:

"ఆ పత్రంపై సాక్షిగా సంతకం చేసినది నేనే. రాసిచ్చిన ఆమె సంతకం పెడుతుండగా నేను చూడలేదు. ఆ సమయంలో ఆ ఊళ్ళో లేను. పత్రంలో ఏమున్నదో కూడా చదవలేదు. చూశానని అబద్ధపు సంతకం చేశాను."

ఒక్క కామా లేదు.

దీనికి శిక్ష ఉంటుంది. ఎంతో వాళ్ళిష్టం. ప్రచురణకర్తకి ముందే వెళ్ళి చెప్పాను, అబద్ధపు సాక్షి పేరు న్యాయపదకోశం ముందుమాటలో ఉంటే మీకే నామర్దా అని. "అవునవును" అని ఎంత తొందరగా అన్నాడంటే, నేను కుర్చీలోంచి లేచేలోపే పేరు కొట్టేశాడు. టీ అయినా ఇవ్వలేదు, సన్నాసి. ప్రూఫులు "స" దగ్గర ఆపి ఇచ్చేశాను. సాక్షి అనే మాట వాళ్ళ ప్రొఫెసరే దిద్దుకుంటాడు.

శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. నువ్వు ముందు వసతి గృహానికి వెళ్ళి, అత్తతో ఇంటికి రమ్మని అనకు. పెద్దది ఒక కాగితం చదివి వినిపిస్తుందట, విని వెళ్ళిపోవచ్చట అను. ఆ మూడో మంచం పక్కనే చదువుతాను. ఆ రేడియో ఆవిడని కాసేపు ఆపమను, ఆవిడ కూడా వినవచ్చు. మొదటి మాట నుంచి చదువుతాను. అత్త ఆపమన్న చోట ఆపుతాను, మళ్ళీ చదవమంటే చదువుతాను. ఆమె తిట్టేది ఉంటే మధ్యలోనే తిట్టమను.

ఆ తర్వాత ఆమె వస్తుందో రాదో ఆమె ఇష్టం. ఆ గది ఆమెది. నీ బల్ల అక్కడ ఉండాలో వద్దో కూడా ఆమెనే అడగాలి, ఈసారి నోటితో.

ఈ ఉత్తరం కిందా, ఆ కాగితం కిందా ఇంకా సంతకం పెట్టలేదు. కంగారుపడకు, మర్చిపోలేదు. పెన్ను తెస్తున్నాను. అత్తా నువ్వూ నా చెయ్యి వైపు చూస్తుండగా పెడతాను. నీకు సరిగా కనిపించకపోతే దగ్గరికి వచ్చి చూడు.